ఉద్యోగం మానేశాక పాత కంపెనీ కాగితాలివ్వకపోతే, డబ్బు ఆపితే

రాజీనామా ఇచ్చి, లాప్‌టాప్ అప్పజెప్పి బయటికొచ్చాక పాత కంపెనీ ఫోన్ ఎత్తడం మానేస్తే చాలామంది చేసే పని ఒకటే: హెచ్‌ఆర్‌కి రోజూ వాట్సాప్‌లో మెసేజ్ పెట్టి ఎదురుచూడటం. నెలలు గడుస్తాయి తప్ప పని కాదు. ముందు మీకు రావాల్సినవన్నీ ఒక కాగితం మీద రాసుకుని రెండుగా విడగొట్టండి. కంపెనీ సంతకం పెడితే తప్ప కదలనివి ఒక పక్క, వాళ్లతో నిమిత్తం లేకుండా మీరే చేసుకోగలిగినవి ఇంకో పక్క. మొదటి పక్కన నికరంగా మిగిలేవి మూడే: రిలీవింగ్ లెటర్ (ఉద్యోగం నుంచి విడుదల చేశామన్న లేఖ), చివరి లెక్క (ఫుల్ అండ్ ఫైనల్) తాలూకు డబ్బు, అర్హత ఉంటే గ్రాట్యుటీ (చేసిన సర్వీసును బట్టి చివర్లో ఇచ్చే మొత్తం). పీఎఫ్ ఎగ్జిట్ డేట్ (భవిష్య నిధి ఖాతాలో ఉద్యోగం మానేసిన తేదీ), ఆదాయపు పన్ను రిటర్ను లాంటివాటికి హెచ్‌ఆర్ దయ అక్కర్లేదు. ఇది తెలియక అన్నిటికీ కలిపి బతిమాలుతూ కూర్చుంటారు, కంపెనీ బలమంతా అక్కడే ఉంది.

కంపెనీ మెయిల్ మూసుకోకముందే

చివరి రోజు సాయంత్రానికల్లా కంపెనీ మెయిలు, హెచ్‌ఆర్ పోర్టల్ రెండూ తెరుచుకోవు. ఇంకా లోపలే ఉంటే ఈ రోజే దించుకోవాల్సినవి: నియామక పత్రం (సంతకాలున్న అన్ని పేజీలూ), జీతం పెంచిన ప్రతి లేఖ, అన్ని నెలల పేస్లిప్పులు, రాజీనామా మెయిలు, దాన్ని అంగీకరిస్తూ వచ్చిన జవాబు, సెలవుల బ్యాలెన్స్ కనిపించే పేజీ, పాత సంవత్సరాల ఫారం 16 (జీతంలో కోసిన పన్నుకు కంపెనీ ఇచ్చే సర్టిఫికెట్). రాజీనామాను పోర్టల్‌లో నొక్కి వదిలేయొద్దు. అదే విషయం మెయిల్‌లో కూడా రాసి, కాపీలో మీ సొంత మెయిల్ ఐడీ పెట్టండి. పోర్టల్‌లో తేదీ వాళ్లు మార్చగలరు, మీ ఇన్‌బాక్స్‌లో ఉన్నదాన్ని మార్చలేరు.

దించుకునేవి మీ సొంత కాగితాలే అయ్యుండాలి. క్లయింట్ ఫైళ్లు, కోడ్, కస్టమర్ల జాబితా సాక్ష్యం కోసమని సొంత మెయిల్‌కి పంపుకుంటే, రేపు మీరు జీతం అడిగితే వాళ్లు డేటా దొంగతనం గురించి మాట్లాడతారు. ఎంత న్యాయమైన కేసైనా అక్కడితో తిరగబడుతుంది.

సామాన్లు అప్పగించేటప్పుడు లాప్‌టాప్ అడుగున ఉన్న సీరియల్ నంబరు, చార్జరు, ఐడీ కార్డు, సిమ్, డేటా కార్డు అన్నీ పేరుపేరునా రాసి రసీదు మీద సంతకం తీసుకోండి. కొరియర్‌లో పంపాల్సి వస్తే ప్యాక్ చేయకముందు ఆన్ చేసి ఉన్న స్క్రీన్‌ని, మూలల్ని ఫొటో తీసి, ట్రాకింగ్ నంబరుతో అదే రోజు మెయిల్ పెట్టాలి. "లాప్‌టాప్ పగిలి వచ్చింది" అన్న కోత ఎక్కువగా రసీదు లేనివాళ్ల మీదే పడుతుంది.

ఒకే ఒక్క మెయిలు, సరైన వరుసలో

ఫోన్‌లో ఎంతసేపు మాట్లాడినా, ఆ వెంటనే "ఇందాక ఫోన్‌లో మీరు ఇలా చెప్పారు" అని రెండు వాక్యాల మెయిలు పంపితేనే అది లెక్కలోకి వస్తుంది. అసలు మెయిలు మాత్రం ఒక్కటే, పద్ధతిగా రాయాలి. హెచ్‌ఆర్ హెడ్, పేరోల్, మీ పాత మేనేజరు ముగ్గురికీ ఒకేసారి వెళ్లాలి. ఏ భాషలో పంపినా వరుస ఇలా ఉంటే చాలు:

"మే 9న రాజీనామా ఇచ్చాను. మే 12న మీరు అంగీకరించారు. జూన్ 18 నా చివరి పనిదినం. అదే రోజు లాప్‌టాప్ (సీరియల్ నంబరు ఫలానా), చార్జరు, ఐడీ కార్డు అప్పగించాను, రసీదు జతచేశాను. నాకు రావాల్సినవి: రిలీవింగ్, ఎక్స్‌పీరియన్స్ లెటర్లు, జూన్ 1 నుంచి 18 వరకు జీతం, 12 రోజుల సెలవుల నగదు, ఫుల్ అండ్ ఫైనల్ లెక్క షీటు. వీటిలో దేన్నైనా ఆపి ఉంటే, నియామక పత్రంలోని ఏ షరతు ప్రకారం ఆపారో జూలై 5 లోపు రాతపూర్వకంగా తెలియజేయండి."

పట్టు అంతా చివరి వాక్యంలో ఉంది. జవాబిస్తే కారణం రాతలో దొరుకుతుంది, ఇవ్వకపోతే ఆ మౌనమే రేపు లేబర్ ఆఫీసులో మీ తరఫు కాగితం. మేనేజరు ఎలా వేధించాడో, మీరు ఎన్ని రాత్రులు పనిచేశారో ఈ మెయిల్‌లో రాయొద్దు. తేదీలు, అంకెలు, గడువు తప్ప ఇంకేమీ ఉండకూడదు. గడువులోగా జవాబు రాకపోతే అదే మెయిల్‌కి రిప్లైగా ఒకసారి గుర్తుచేయండి, కొత్త మెయిల్ మొదలుపెడితే గొలుసు తెగిపోతుంది.

ఈ మెయిళ్లను స్క్రీన్‌షాట్లుగా కాకుండా అసలు రూపంలోనే దాచాలి. 2023 నాటి భారతీయ సాక్ష్య అధినియంలో 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టడానికి ఒక సర్టిఫికెట్ జతచేయాలి. అసలు మెయిల్, అది ఉన్న పరికరం మీ దగ్గరుంటే అది తేలిక. వాట్సాప్ చాట్ ఉన్న పాత ఫోన్‌ని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయొద్దు.

చివరి లెక్కలో కోత ఎక్కడ పడుతుంది

మొత్తం ఎంత అని అడగడం దండగ, లెక్క షీటు అడగాలి. ఒక ఉదాహరణ చూడండి. నెల మొత్తం జీతం (గ్రాస్) 60,000, అందులో భత్యాలు కలపని మూల వేతనం (బేసిక్) 30,000. రాజీనామా తర్వాత పనిచేయాల్సిన నోటీసు 60 రోజులు, చేసింది 40, తక్కువైంది 20 రోజులు. జూన్‌లో 18 రోజుల జీతం 36,000. సెలవులు 12, బేసిక్ మీద రోజుకు 1,000 చొప్పున 12,000. మొత్తం రావాల్సింది 48,000.

నోటీసు కోత బేసిక్ మీద వేస్తే 20,000 పోయి 28,000 చేతికొస్తుంది. అదే కోత మొత్తం జీతం మీద రోజుకు 2,000 చొప్పున వేస్తే 40,000. దాని మీద 18 శాతం జీఎస్టీ అని 7,200 కలిపితే 47,200. అప్పుడు మిగిలేది 800 రూపాయలు. మనిషి అతనే, రోజులూ అవే. సెలవులు కొనేటప్పుడు బేసిక్, నోటీసు కోసేటప్పుడు గ్రాస్ అన్న ఈ తేడాని షీటు లేకుండా ఎవరూ పట్టుకోలేరు.

కోత బేసిక్ మీదా గ్రాస్ మీదా అన్నది నియామక పత్రంలో రాసిన మాటను బట్టి ఉంటుంది, అక్కడ గ్రాస్ అని ఉంటే వాదన కష్టం. కానీ జీఎస్టీ సంగతి తేలిపోయింది: కేంద్ర పరోక్ష పన్నులు, కస్టమ్స్ బోర్డు 2022 ఆగస్టు 3న ఇచ్చిన 178వ నంబరు సర్క్యులర్‌లో నోటీసు కోత మీద జీఎస్టీ లేదని స్పష్టం చేసింది. సర్క్యులర్ నంబరు, తేదీ రాసి మెయిల్ పెడితే ఆ లైను మీద వాళ్లకు వాదన మిగలదు.

ఇక గడువు. "మా పాలసీ 45 రోజులు" అన్న మాట ప్రతి కంపెనీలో వినిపిస్తుంది. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్, 2019 లో 17వ సెక్షన్ ప్రకారం తొలగించినా, ఉద్యోగి తానే రాజీనామా చేసినా, రావాల్సిన వేతనం రెండు పనిదినాల్లో చెల్లించాలి. అంతకుముందున్న 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టంలో ఈ రెండు రోజుల గడువు యజమాని తొలగించినప్పటికే ఉండేది, అదీ నిర్ణీత జీతం లోపు వాళ్లకే. ఇప్పుడు రాజీనామా చేసినవాళ్లకూ, మేనేజర్లకూ వర్తిస్తుంది. అయితే గ్రాట్యుటీ, బోనస్ ఈ "వేతనం"లోకి రావు, వాటికి వేరే గడువులున్నాయి. అన్నీ కలిపి రెండు రోజుల్లో ఇమ్మంటే మీ మెయిల్ బలం తగ్గుతుంది.

గ్రాట్యుటీ లెక్క తేలికే: చివరి నెల వేతనాన్ని (బేసిక్, కరువు భత్యం) 26తో భాగించి, 15తో హెచ్చవేసి, సర్వీసు సంవత్సరాలతో హెచ్చవేయాలి. ఆరు నెలలు దాటిన భాగం పూర్తి సంవత్సరం కింద లెక్క. 30,000 వేతనంతో 7 సంవత్సరాల 8 నెలలు చేస్తే 8 సంవత్సరాలకు దాదాపు 1,38,460 రూపాయలు. మామూలు ఉద్యోగికి 5 సంవత్సరాల సర్వీసు ఉండాలి, 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌లో ఫిక్స్‌డ్ టర్మ్ (నిర్ణీత కాలం) కాంట్రాక్టు వాళ్లకు ఒక సంవత్సరం చాలు. చెల్లించడానికి 30 రోజుల గడువు, దాటితే వడ్డీ. నోటీసు పూర్తిచేయలేదన్న కారణంతో గ్రాట్యుటీ ఆపడానికి వీల్లేదు.

రిలీవింగ్ లెటర్ రాకపోతే

అందరూ ఎక్కువగా భయపడేది దీనికే. కేంద్ర నమూనా స్టాండింగ్ ఆర్డర్లలో (ఉద్యోగ షరతుల నిబంధనలు) పర్మనెంట్ కార్మికుడికి సర్వీస్ సర్టిఫికెట్ ఇవ్వాలని ఉంది. ఆఫీసు ఉద్యోగులకు మాత్రం ఎక్కువగా నియామక పత్రం, కంపెనీ సొంత పాలసీ మీదే ఆధారపడాలి. అందుకే రెండు దారుల్లో నడవాలి: ఒక పక్క లెటర్ కోసం అడుగుతూనే, ఇంకో పక్క అది లేకుండా కొత్త కంపెనీని ఒప్పించే కట్ట తయారుచేసుకోవాలి.

ఆ కట్టలో ఇవి ఉండాలి: రాజీనామా అంగీకరించిన మెయిల్, చివరి మూడు నెలల పేస్లిప్పులు, అవే జీతాలు జమైన బ్యాంకు స్టేట్‌మెంటు, పీఎఫ్ పోర్టల్‌లో కనిపించే సర్వీస్ హిస్టరీ, సామాన్ల రసీదు, లెటర్ కోసం మీరు పంపిన మెయిళ్లు. వీటిని చేరిన వారానికి కాకుండా, ఆఫర్ ఒప్పుకునేటప్పుడే కొత్త హెచ్‌ఆర్ ముందు పెట్టండి. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ చేసేవాళ్లకు లెటర్ లేకపోవడం కొత్తేమీ కాదు. వాళ్లు ఆగేది మీరు చెప్పిన తేదీకీ పీఎఫ్ రికార్డులో తేదీకీ పొంతన లేనప్పుడు, లేదా మీరు దాచినది వాళ్లకు దొరికినప్పుడు. నకిలీ లెటర్ తయారుచేయించుకునే ఆలోచన అస్సలు వద్దు, చేరిన ఏడాదికి బయటపడినా ఉద్యోగం అక్కడే పోతుంది.

మీరు చెప్పకుండా మానేశారని "అబ్‌స్కాండింగ్" నోటీసు వస్తే ఊరుకోవద్దు. రాజీనామా తేదీ, అంగీకారం, అప్పగింత రసీదు జతచేసి వెంటనే జవాబివ్వండి. జవాబులేని నోటీసే వాళ్ల ఫైల్లో మిగిలి, రేపు వెరిఫికేషన్‌లో అదే బయటికొస్తుంది.

పీఎఫ్, పన్ను: వాళ్లతో పనిలేనివి

కంపెనీ ఎగ్జిట్ డేట్ వేయకపోతే మీరే వేసుకోవచ్చు. ఆధార్‌తో ముడిపడిన ఫోన్ దగ్గర పెట్టుకుని యూఏఎన్‌తో (పీఎఫ్‌లో మీకిచ్చిన శాశ్వత నంబరు) పీఎఫ్ సంస్థ (ఈపీఎఫ్ఓ) మెంబర్ పోర్టల్‌లోకి వెళ్లి, మేనేజ్ కింద మార్క్ ఎగ్జిట్ ఎంచుకోవాలి. చివరి చందా జమైన నెల నుంచి రెండు నెలలు దాటితేనే ఇది పనిచేస్తుంది. తేదీ ఆ చివరి చందా నెలలోనిదే అయ్యుండాలి. తొందరపడి తప్పు తేదీ వేస్తే దాన్ని సరిచేయడానికి మళ్లీ పాత కంపెనీ గుమ్మమే తొక్కాల్సి రావచ్చు, కాబట్టి పాస్‌బుక్ ముందు తెరిచి పెట్టుకుని వేయండి. కొత్త కంపెనీలో చేరిన తేదీ కంటే ఈ తేదీ ముందుది కావాలి, లేకపోతే ఒకేసారి రెండు ఉద్యోగాలు చేసినట్టు కనబడుతుంది. ఆ తర్వాత ఆన్‌లైన్ సర్వీసెస్‌లో బదిలీ రిక్వెస్టు పెట్టాలి. పాత కంపెనీ పీఎఫ్ సొంత ట్రస్టులో ఉంటే మాత్రం కథ వేరు, ట్రస్టు డబ్బు పంపి అనెక్షర్ కె (బదిలీ వివరాల పత్రం) ఇస్తేనే బదిలీ పూర్తవుతుంది. ఆ కాగితం పేరు పెట్టి మరీ అడగండి.

జీతంలో పీఎఫ్ కోసి ఖాతాలో వేయకపోవడం వీటన్నిటికంటే తీవ్రమైనది. ఏ నెల చందా అయినా తర్వాతి నెల 15 లోపు కట్టాలి, పాస్‌బుక్‌లో కనిపించడానికి ఇంకొన్ని రోజులు పట్టొచ్చు, కాబట్టి ఆ లోపు కంగారు పడొద్దు. ఆ తర్వాతా ఖాళీగానే ఉంటే, కోత కనిపించే పేస్లిప్పు, ఆ నెల పాస్‌బుక్ పేజీ పక్కపక్కన పెట్టి ఈపీఎఫ్ఓ ఫిర్యాదుల పోర్టల్‌లో (ఈపీఎఫ్ఐజీఎంఎస్) నమోదు చేయండి. ఉద్యోగి వాటా కోసి కట్టకపోతే భారతీయ న్యాయ సంహిత 316వ సెక్షన్ వివరణ ప్రకారం అది నమ్మకద్రోహం, అంటే క్రిమినల్ నేరం. మెయిల్‌లో ఈ ఒక్క వాక్యం రాస్తే, జీతం బకాయికి కదలని ఫైనాన్స్ విభాగం దీనికి కదులుతుంది.

ఫారం 16 మానేసిన రోజే రాదు. ఆర్థిక సంవత్సరం ముగిశాక జూన్ 15 లోపు ఇవ్వాలి. అప్పటిదాకా మీకు కావాల్సింది ఆ సంవత్సరం మీకిచ్చిన జీతం, కోసిన పన్ను అంకెలు. వాటిని ఫారం 12బి ద్వారా కొత్త కంపెనీకి చెప్పకపోతే స్లాబు మినహాయింపు రెండు చోట్లా వాడుకున్నట్టయి, రిటర్ను వేసేటప్పుడు ఒకేసారి పెద్ద మొత్తం కట్టాల్సి వస్తుంది. ఫారం 16 అసలు ఇవ్వకపోయినా ఫారం 26ఏఎస్, ఏఐఎస్ (ఆదాయపు పన్ను పోర్టల్‌లో కనిపించే మీ పన్ను, ఆదాయ వివరాలు), పేస్లిప్పులు చూసుకుని రిటర్ను వేయొచ్చు.

బాండు, పోటీ కంపెనీ షరతు

"రెండేళ్ల దాకా పోటీ కంపెనీలో చేరకూడదు" అన్న షరతు, ఉద్యోగం మానేశాక, 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చెల్లదు. కంపెనీ రహస్యాలు బయటపెట్టకూడదన్నది మాత్రం చెల్లుతుంది. బాండు వేరే సంగతి. ఉద్యోగంలో ఇంతకాలం ఉండాలి, ముందే వెళ్తే ఇంత కట్టాలి అన్న షరతును 2025 మే నెలలో విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది. అక్కడ మూడేళ్ల సర్వీసు, 2 లక్షల రూపాయలు. కాబట్టి బాండు ఏదైనా కాగితం ముక్కేనని కొట్టిపారేయొద్దు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం బాండులో రాసిన అంకె గరిష్ఠ పరిమితే, కోర్టు ఇప్పించేది సమంజసమైన పరిహారం. "శిక్షణకు నిజంగా ఎంత ఖర్చయిందో బిల్లులు చూపండి" అన్నదే మీ మొదటి ప్రశ్న కావాలి. ఒరిజినల్ డిగ్రీ సర్టిఫికెట్లు తాకట్టుగా అట్టిపెట్టుకోవడం మాత్రం బాండు ఉన్నా కుదరదు. వాటిని రాతలో అడిగి, గడువు దాటాక పోలీసు ఫిర్యాదు ఇవ్వండి.

మెయిల్‌కి లొంగకపోతే

తర్వాతిది కాగితం మీద డిమాండ్ నోటీసు. లాయరు లెటర్‌హెడ్ మీదే ఉండాలని లేదు, మీ పేరు మీదే పంపొచ్చు, అయితే లాయరు పేరుంటే తొందరగా లీగల్ విభాగం బల్ల మీదికి వెళ్తుంది. బ్రాంచి హెచ్‌ఆర్‌కి కాకుండా కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకి పంపాలి. ఆ చిరునామా కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ (ఎంసీఏ) వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొడితే వస్తుంది. 2025 అక్టోబరు నుంచి రిజిస్టర్డ్ పోస్టు స్పీడ్ పోస్టులో కలిసిపోయింది, కాబట్టి కౌంటర్లో స్పీడ్ పోస్టుకి రిజిస్ట్రేషన్, డెలివరీ రుజువు రెండూ కలపమని అడగండి. 15 రోజులు గడువిస్తే చాలు.

అప్పటికీ రాకపోతే లేబర్ ఆఫీసు. ప్రైవేటు కంపెనీల్లో ఎక్కువవాటికి రాష్ట్ర కార్మిక శాఖే, బ్యాంకులు, బీమా, గనులు లాంటివాటికి కేంద్ర కార్మిక శాఖ. తప్పు చోట ఇస్తే కాగితం తిరిగొచ్చేసరికి నెలలు పోతాయి. వేతనాల కోడ్ 45వ సెక్షన్ కింద క్లెయిముకు మూడు సంవత్సరాల గడువుంది. అధికారి బకాయితో పాటు దానికి పది రెట్ల వరకు పరిహారం కూడా వేయొచ్చు. దరఖాస్తుకు లెక్క షీటు (వాళ్లు ఇవ్వకపోతే మీరే వేసినది), నియామక పత్రం, మెయిల్ గొలుసు, పోస్టు రసీదు వరుసగా పేజీ నంబర్లేసి రెండు సెట్లు చేయండి. ఒకదాని మీద ఆఫీసు ముద్ర వేయించుకుని మీ దగ్గర ఉంచుకోవాలి.

పెద్ద జీతం వాళ్లకు, బోనస్, కమీషన్ లాంటి వివాదాలకు సివిల్ కోర్టు ఉంది, దానికీ మూడేళ్లే. మహిళలు, ఎస్సీ, ఎస్టీ వాళ్లు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో సంబంధం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచిత న్యాయ సహాయం పొందొచ్చు. ఈ గొడవ నడుస్తున్నంతకాలం మేనేజరు పేరు పెట్టి సోషల్ మీడియాలో రాయొద్దు, పరువునష్టం నోటీసు వస్తే మీ బకాయి సంగతి వెనకపడిపోతుంది.

"ఎన్‌సీఎల్‌టీకి (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్‌కి) వెళ్తాం" అని కంపెనీని బెదిరించడానికి ఫీజు తీసుకునే వాళ్లున్నారు. దివాలా చట్టం కింద బకాయి కోటి రూపాయలు ఉంటేనే ఆ తలుపు తెరుచుకుంటుంది, ఒక్క ఉద్యోగి జీతం బకాయికి అది పనికిరాదు. కానీ కంపెనీ ఇప్పటికే దివాలా ప్రక్రియలో ఉంటే పద్ధతి మారుతుంది. అప్పుడు హెచ్‌ఆర్‌కి, లేబర్ ఆఫీసుకి తిరగడం ఆపి, పత్రికా ప్రకటనలో పేరున్న రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కి (దివాలా ప్రక్రియ నడిపే వ్యక్తికి) ఫారం డి లో క్లెయిమ్ పంపాలి. పేస్లిప్పులు, బ్యాంకు స్టేట్‌మెంటు, నియామక పత్రం దానికి జతచేసి, ప్రకటనలో రాసిన చివరి తేదీ లోపు చేరేలా చూసుకోండి.